సప్పుడు ముందు, సెయ్యి వెనక

మొన్న నరసన్నపేటలో టీచర్లకి శిక్షణ తరగతులు పెట్టారు. భోజనాలయ్యాక హాలు తలుపులు మూసి, గోడమీద ఒక పెద్దాయన ప్రసంగం వీడియో వేశారు. పాఠం ఎలా చెప్పాలో ఆయన మాకు చెబుతున్నాడు. మాట వచ్చేస్తోంది గాని మూతి కాసేపు ఆగి, తరవాత గబగబా తెరుచుకుని మూసుకుంటోంది. ఏదో హెచ్చరించడానికి చెయ్యెత్తి అలాగే బిగుసుకుపోయాడు. హెచ్చరిక అయిపోయింది, చెయ్యి దిగలేదు. హాల్లో సగంమంది కునుకు తీస్తున్నారు, మిగతా సగం ఫోన్లు చూసుకుంటున్నారు. నేనొక్కదాన్నే పైకి నవ్వేశాను. పక్కన కూచున్న సైన్సు మేడమ్ మోచేత్తో పొడిచి, "ఏటా నవ్వు, ముందు వరసలో అందరూ మనల్నే సూస్తన్నారు" అంది.

నేను నవ్వింది ఆ పెద్దాయన్ని చూసి కాదు, మా పక్కింటి మృదంగం మాస్టారు గుర్తొచ్చి. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ హాల్లో ఉండి ఉంటే లేచి నిలబడి, "ఈ మడిసి మాటాడ్డం లేదు, ఎవలో మాటాడతంటే మూతి ఆడిస్తన్నాడు" అని ఖాయంగా అనేవారు. అలా అని ఒకసారి ఎంత పని చేశారో చెబుతాను. దానికి ముందు మనిషి ఎలాంటివారో తెలియాలి.

శ్రీకాకుళంలో మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. గోడకి అటు, గుళ్ళో డోలు వాయించుకుంటూ వచ్చిన కుటుంబం. ఇటు, మిషన్ చర్చి కుటుంబం. మాస్టారు తండ్రిగారి డోలు దించి మృదంగం ఎత్తుకున్నారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. వేళ్ళు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు లావుగా ఉండేవి. ఆ వేళ్ళు ఊరుకునేవి కావు. మంచం పట్టె, కాఫీ గ్లాసు, బస్సులో ముందు సీటు వెనక రేకు, ఏది అందితే అది వాయించేవారు. ఒకసారి ఆటోలో ముందు కూచున్న పెద్దమనిషి బట్టతల వైపు ఆయన చెయ్యి వెళ్ళడం చూసి అత్తయ్యగారు, అంటే వాళ్ళావిడ, మణికట్టు పట్టుకుని ఆపారట.

లోకంలో చప్పుడు చేసే ప్రతిదానికీ ఆయన దగ్గర తీర్పు ఉండేది. "మీ కుక్కరుకి తాళజ్ఞానం లేదు టీచరమ్మా, మూడో కూతకి తొందరపడిపోతాది" అని గోడమీంచి చెప్పేవారు. ఒకరోజు నేను బడికి పోతుంటే అరుగుమీద కూచుని, నా వైపు చూడకుండానే, "ఇయ్యాల నీ నడక మిశ్రచాపు పడతన్నాది, మూడూ నాలుగూ. ఎడమ సెప్పు తెగిందేటి?" అన్నారు. నిజంగానే తెగింది. ఎవరికీ తెలియకుండా ఈడ్చుకుంటూ పోతున్నాను. వీధి చివర చెప్పులు కుట్టే దగ్గరికి వెళ్ళేదాకా ఆయన మీద నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆదివారాలు మా చర్చిలో పాటలు మొదలయ్యాయంటే ఆయన ప్రహరీ పక్కకి వచ్చి నిలబడేవారు. భక్తి అనుకునేరు, తప్పులు పట్టడానికి. మాలో కంజీర వాయించే డీకన్‌గారు చరణం చివరికొచ్చేసరికి పరుగందుకుంటారు. మాస్టారు గేటు దగ్గర కాపుకాసి ఆయన్ని పట్టుకుని, "ఏటండీ ఆ తొందర, దేవుడేటి బస్సెక్కి ఎల్లిపోతన్నాడా" అని అడిగారు. డీకన్‌గారు కొన్నాళ్ళు మాస్టారితో మాట్లాడలేదు. పరుగు మాత్రం తగ్గింది.

మృదంగానికి ఎడమవైపు తడి రవ్వ ముద్ద అంటిస్తారు, నాదం బరువుగా పలకడానికి. పాఠం ఉన్న రోజున వాళ్ళింట్లో ఉప్మా ఉండదన్నమాట. "కట్టుకున్నదానికి పెట్టినా పెట్టకపోయినా మద్దెలకి మాత్రం వేళకి తిండెట్టాల" అని అత్తయ్యగారు మా వంటింటి గుమ్మంలో కూచుని వాపోయేవారు. అలా వాపోతూనే మా రవ్వ డబ్బాలోంచి ఒక గ్లాసు కొలుచుకుపోయేవారు.

చప్పుడు గురించి ఇంత పట్టింపు ఉన్న మనిషికి చప్పుడు మీద నమ్మకం లేదంటే వింతగా ఉంటుంది. పాఠంలో ఆయన చెవులు అప్పగించేవారు కాదు, కళ్ళు అప్పగించేవారు. "నాకు సప్పుడొద్దు, సెయ్యి సూపించు" అనేవారు శిష్యులతో. "సప్పుడుదేటుంది, మైకు బాగుసేస్తాది, గోడ బాగుసేస్తాది. సెయ్యిని ఎవుడూ బాగుసెయ్యలేడు." వేలు ఎక్కడ లేచిందో, ఎక్కడ పడిందో, పడ్డాక ఎంతసేపు ఉందో చూసి మనిషి కష్టపడ్డాడో ఎగ్గొట్టాడో చెప్పేసేవారు. దొంగలు దొరికిపోయేవారు. ఆ చూపు మీద ఆయనకి గర్వం. ఆ గర్వమే ఆయన్ని ముంచింది.

ఆయన డెబ్బయ్యో ఏట శిష్యులందరూ కలిసి సన్మానం చేసి, ఒక శాలువా కప్పి, ఒక ల్యాప్‌టాప్ చేతిలో పెట్టారు. దూరాన ఉన్నవాళ్ళు సాధన చేసి వీడియోలు పంపుతారు, మీరు చూసి దిద్దండి అన్నారు. వాయిద్యం అన్నదాన్ని వట్టి చోట పెట్టకూడదని వాళ్ళింటి నియమం. మృదంగం కింద బట్ట ఉండాలి, కంజీర కింద బట్ట ఉండాలి. ల్యాప్‌టాప్ కూడా విద్య చెప్పేదే కదా. అందుకని తనకి కప్పిన ఆ శాలువానే మడతలు పెట్టి బల్లమీద పరిచి, దానిమీద కూచోబెట్టారు. తెరిచేముందు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవారు. శాలువా అంచులు అటూ ఇటూ లేచి దాని పక్కల్ని కప్పుతూ ఉండేవి. చూసినవాళ్ళందరం ముచ్చటపడ్డాం. సన్మానం దానికే జరిగిందనుకుంటారు చూసినవాళ్ళు.

కంటి ఆపరేషన్ అయ్యాక ఆయనకి చిన్న బొమ్మ ఆనేది కాదు. వీడియో తెర నిండా పరుచుకోవాల్సిందే. మూలనున్న గుర్తు ఎక్కడ నొక్కాలో నేనే నేర్పాను. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఎండలు ముదిరేసరికి బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. నేను పట్టించుకోలేదు, ఆయన మాత్రం పట్టించుకున్నారు. ఆ పట్టించుకోవడంలోనే హారికని దొంగని చేశారు.

హారికది నౌపడ. ఉప్పుమడుల్లో పనిచేసే ఇంటి పిల్ల. బడిలో చదివేటప్పటినుంచి ప్రతి ఆదివారం రైలెక్కి వచ్చి మాస్టారి దగ్గర నేర్చుకుంది. ఆడపిల్లల్లో ఆయనకి మిగిలిన శిష్యురాలు ఆమె ఒక్కతే. ఊళ్ళోనే సచివాలయంలో ఉద్యోగం వచ్చాక రావడం కుదరక వీడియోలు పంపేది. ఆ ఏడు శ్రీకూర్మంలో ఒక పాట కచేరీకి మృదంగం వాయించమని ఆమెకి పిలుపొచ్చింది. మొదటి కచేరీ. వీళ్ళలో ఒక పద్ధతుంది. గురువు "కూసో" అంటేనే శిష్యులు వేదికెక్కాలి. ఆ మాట కోసమే హారిక కచేరీలో వాయించేదంతా ఇంట్లో వాయించి పంపింది.

ఆ సాయంత్రం మాస్టారు గోడమీంచి నన్ను పిలిచిన తీరుకి, పెద్దాయనకి ఏదో అయిందనుకుని పరుగెత్తాను. ల్యాప్‌టాప్ ముందు నిటారుగా కూచుని ఉన్నారు.

"టీచరమ్మా, నువ్వు సదూకున్నదానివి. సూసి సెప్పు. ఈ పిల్ల వాయిస్తందా?"

చూశాను. తెర నిండా హారిక. మృదంగం గలగలా పలుకుతోంది. చెయ్యి మాత్రం గాల్లో ఆగి, చప్పుడయ్యాక దిగి, మళ్ళీ ఆగి, మూడు దెబ్బలు ఒక్కసారే వేసేస్తోంది.

"వీడియో ఆగి ఆగి ఆడతన్నాది మాస్టారూ," అన్నాను.

"వీడియో ఆగితే సప్పుడూ ఆగాల. సప్పుడు శుభ్రంగా ఉన్నాది. సెయ్యొక్కటే ఆగడమేటి? సప్పుడు ముందు, సెయ్యి వెనక. ఎవుడిదో రికార్డు ఎట్టి సేతులు ఊపతంది. నా దగ్గరే."

ఆయన వాదనలో తప్పెక్కడుందో అప్పటికి తెలియదు. ఆయన అప్పుడే హారికకి ఫోన్ చేసి, "ఇంక నువ్వు నాకేటీ పంపకు. ఆ రికార్డులో ఉన్నోణ్ణే తీసుకెల్లి శ్రీకూర్మంలో కూసోబెట్టు" అని పెట్టేశారు. ఆ ఇంట్లో శిష్యులు ఎదురు చెప్పరు.

ఆ పిల్ల ఏడుపు తరవాత వచ్చింది, అత్తయ్యగారి దగ్గరికి. హారిక ఆవిడకి ఫోన్ చేసి, "మాస్టార్ని ఏటీ అడగొద్దమ్మా. నాను మద్దెల కవర్లో ఎట్టీసేను, ఇంక తియ్యను" అందట. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు ఆ పిల్ల ఈవిడతో మొరపెట్టుకుంటే, ఈవిడ వచ్చి నాతో మొరపెట్టుకున్నారు. "ఆ పిల్ల సేతులు నాకు తెలుసు. వేళ్ళు పగిలితే ఎన్నపూస రాసింది నానే. నువ్వు కంప్యూటర్లో మార్కులెక్కిస్తావు గదా, ఆ పెట్టెకేటయిందో సూడు" అన్నారు. మార్కులెక్కించడానికీ దీనికీ ఎంత దూరమో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు, కానీ చెప్పలేకపోయాను.

సరే, నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. తెరిచి పెట్టిన పనులన్నీ మూసేశాను. ఆపి మళ్ళీ పెట్టాను. బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటేదో ఉంటే తీసేసి, వైరు తగిలించి చూశాను. కొత్త మార్పులు దించుకుంటానంటే అవీ దించుకోనిచ్చాను. బొమ్మ చిన్నది చేస్తే హాయిగా ఆడుతోంది, తెర నిండా పరిస్తే తడబడుతోంది. అదే వీడియో నా ఫోన్‌లో వేసి చూపించాను. చెయ్యీ చప్పుడూ కలిసే ఉన్నాయి.

"ఇందులో సీమ వాయించినా తెలీదు," అని ఫోన్ వెనక్కి ఇచ్చేశారు మాస్టారు. నేను ఓడిపోయిన ప్రతిసారీ ఆయన కాఫీ గ్లాసు మీద ఒక ముక్తాయింపు, మూడుసార్లు తిప్పి ముగించే దెబ్బలు, వాయించేవారు. అత్తయ్యగారు గ్లాసు లాక్కుని స్టీలు బదులు ప్లాస్టిక్ కప్పులో కాఫీ ఇవ్వడం మొదలుపెట్టారు.

మంచిమాటతో ఒప్పుకునే మనిషి కాదని తేలిపోయింది. నాకు తిక్క పుట్టింది. తిక్క పుడితే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది.

మర్నాడు బడి నుంచి రాగానే వెళ్ళి, "మాస్టారూ, మీ సన్మానంలో మీరు వాయించిన వీడియో ఒకటి ఇందులోనే ఉన్నాది గదా, సూద్దారి" అన్నాను. పొగడ్త ఎటువైపు నుంచి వచ్చినా ఆయన తలుపు తెరిచే ఉంచుతారు. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ముందు హారిక వీడియోయే కాసేపు ఆడనిచ్చాను, ల్యాప్‌టాప్ తడబాటుకి బాగా అలవాటు పడాలని. ఆయన విసుక్కుంటున్నారు. తరవాత ఆయన వీడియో తెర నిండా పరిచాను.

వేదికమీద మాస్టారు. తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగానికి ఒక్కదానికే వదిలిన వంతు, ఉరుముతోంది. మాస్టారి చెయ్యి మాత్రం గాల్లో నిలబడి ఉంది. ఉరుము అయిపోయాక నెమ్మదిగా దిగింది. మళ్ళీ ఆగింది. వేళ్ళు చప్పుడు వెనకాల ఆయాసపడుతూ వస్తున్నాయి.

"ఇదెవలండీ?" అన్నాను. "ఎవుడి రికార్డు ఎట్టి సేతులు ఊపతన్నారు?"

తొడమీద తాళం వేస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పెళ్ళైనకాణ్నించి నాకు అనుమానమే" అన్నారు. అంటూనే గుమ్మం పట్టుకుని కిందికి జారి కూచుండిపోయారు, నవ్వలేక.

ఆయన నవ్వలేదు. రెండు చేతులతో ల్యాప్‌టాప్‌ని పైకెత్తి కిందికి తొంగి చూశారు, అసలు వాయించేవాడు అక్కడ దాక్కున్నాడేమోనన్నట్టు. ఎత్తినవారు చటుక్కున బల్లమీద పెట్టేసి వేళ్ళు ఊదుకున్నారు.

"ఇదేటిది, పెనంలాగ కాలిపోతన్నాది."

అప్పుడు నాకు వెలిగింది. దానికి గాలి పీల్చుకునే కంతలు అడుగునే ఉంటాయి. వేడి పక్కనుంచి బయటికి పోవాలి. శాలువా మడతలు రెండింటినీ మూసేశాయి. ఊపిరాడక అది పని తగ్గించుకుంటోంది. చిన్న బొమ్మ మోయగలుగుతోంది, పెద్దది మోయలేక వదిలేస్తోంది. "సప్పుడు తేలిక మాస్టారూ, బొమ్మ బరువు. అలిసిపోయినోడు ముందు బరువే దించుతాడు" అన్నాను. ఆయనడిగిన ప్రశ్నకి జవాబు అన్నాళ్ళకి దొరికింది.

"ఈ ఎండల్లో మిమ్మల్ని ఆ శాలువాలో సుట్టి కూసోబెడితే మీరేటి వాయిస్తారో నానూ సూస్తాను" అన్నారు అత్తయ్యగారు, కళ్ళు తుడుచుకుంటూ.

శాలువా తీసేయడానికి మాత్రం ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. వట్టి బల్లమీద విద్యని పెట్టడమేమిటని మొదలుపెట్టారు. చివరికి అత్తయ్యగారు భోంచేసే చెక్కపీట కడిగి, పసుపు రాసి తెచ్చారు. పీట వేస్తే మర్యాదే కదా అన్నారు. దాంతో ఆయనే శాలువా తీసి మడతపెట్టారు. ల్యాప్‌టాప్‌ని చల్లారనిచ్చి, పీటమీద పెట్టి, హారిక వీడియో మొదటినుంచి వేశాను.

చెయ్యి లేచింది, పడింది, పలికింది. అన్నీ ఒక్కసారే. మాస్టారు చివరిదాకా చూసి మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ చూశారు. వేళ్ళు ఎక్కడా ఆడించలేదు. ఆ వేళ్ళు ఊరికే ఉండగా నేను చూడడం అదే మొదటిసారి.

"పిల్లే వాయించింది," అన్నారు.

"అయితే ఫోను సెయ్యండి," అన్నారు అత్తయ్యగారు.

చేశారు. ఏమన్నారనుకున్నారు? "ఆ సివరి ముక్తాయింపు ఇంకోపాలి పంపు" అన్నారు. తప్పయిందన్న ముక్క ఆ ఇంట్లో ఏ గురువూ ఏ శిష్యుడితోనూ అనలేదు, ఎలా అనాలో ఆయనకి రాదు. అటునుంచి హారిక ఎంతో మర్యాదగా, "వద్దు మాస్టారూ. కచేరీకి కూడా ఇంకెవల్నైనా సూసుకోమని సెప్పీసేను, మరి ఆళ్ళింకా ఎవల్నీ పిలవనేదట" అంది. ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. ఆయన మీద జాలిపడడం నాకు అలవాటు లేదు, ఇబ్బందిగా అనిపించి లేచి వచ్చేశాను.

ఆదివారం చర్చి అయ్యేసరికి ఇద్దరూ మా గేటు ముందు సంచీతో నిలబడి ఉన్నారు. "నౌపడ ఎల్తన్నాం, నువ్వూ రా. నువ్వుంటే ఈయన దారిలో దిగిపోడు" అన్నారు అత్తయ్యగారు. రైల్లో మాస్టారు కిటికీ పక్కన కూచుని ఉప్పుమడులు వచ్చేదాకా బయటికే చూశారు. పట్టాల చప్పుడు మీద తీర్పు కూడా చెప్పలేదు.

హారిక మమ్మల్ని చూసి కంగారుపడి చాప వేసింది. వాళ్ళమ్మ మజ్జిగ తెచ్చింది. మృదంగం మూలన కవర్లో ఉంది, జిప్పు పైదాకా లాగేసి. ఎవరూ దాని వైపు చూడడం లేదు, అందరికీ అదే కనిపిస్తోంది. చివరికి అత్తయ్యగారే లేచి వెళ్ళి జిప్పు తీసి, మృదంగాన్ని తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టారు.

"ఆయన కోసం వద్దులే. నా కోసం వాయించు."

హారిక మాస్టారి వైపు చూసింది. ఆయన చాపమీద వెనక్కి తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి, కళ్ళు మూసుకున్నారు.

"నాను సూడను. ఇంతాను," అన్నారు.

ఆమె మృదంగాన్ని దగ్గరికి లాక్కుంది. తరవాత శ్రుతి చూసుకుని మొదలుపెట్టింది. నాకు తాళాలు తెలియవు. కానీ మొదట ఆ వాయింపులో కోపం ఉందని, కాసేపటికి అది ఎటో పోయి వట్టి వాయింపే మిగిలిందని నాకు కూడా తెలిసింది. గోడ వైపు తిరిగిన ఆ సన్నటి వీపు కదలకుండా ఉంది. ముక్తాయింపు మూడుసార్లూ ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చి పడింది.

"శ్రీకూర్మంలో కూసో," అన్నారు మాస్టారు, గోడతో.

హారిక మృదంగం మీద చేతులు అలాగే ఉంచి, "ఇటు తిరిగి సూడండి మాస్టారూ. ఎవలు వాయించేరో సూసుకోండి" అంది. ఆ ఇంటి శిష్యులు ఎదురు చెప్పరని చెప్పాను కదా. అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు.

ఆయన తిరగలేదు. "సూడక్కర్లేదమ్మా," అన్నారు. "తప్పు నాది."

అత్తయ్యగారే ముందు తేరుకున్నారు. "ఏటన్నారు? గోడకి సెప్పీసేరు, మాకు సరిగ్గా ఇనపళ్ళేదు. ఇంకోపాలి అనండి."

ఆయన నెమ్మదిగా ఇటు తిరిగి, కళ్ళు తెరిచి, ఆ పిల్లని చూస్తూ మళ్ళీ అన్నారు.